చవక సినిమా, చవకబారు కాని నవ్వు

భూమికి చాలా దూరంలో ఒక అంతరిక్ష నౌక తిరుగుతూ ఉంటుంది. అందులో పనిచేసేవాళ్ళకు భూమి నుంచి కబురు పదేళ్ళు ఆలస్యంగా అందుతుంది. తెర మీద ఒక అధికారి చిరునవ్వుతో ప్రత్యక్షమవుతాడు. మీ నాయకుడు చనిపోయాడని విని చాలా విచారించాం, ఇక్కడ వారం రోజులు సంతాపం పాటించాం, జెండాలు సగానికి దించాం అంటాడు. ఆ తర్వాత అసలు సంగతికి వస్తాడు. నౌకలో రేడియోధార్మికత కారుతోందనీ, రక్షణ కవచాలు పంపమనీ మీరు అడిగారు, కాని కేటాయింపుల్లో కోతలు పడ్డాయి గనక పంపలేం, మీరే ఎలాగో సర్దుకుంటారని మా నమ్మకం అంటాడు.

ఏ గనిలో పనిచేసినవాడికైనా, ఏ ఫ్యాక్టరీలో పనిచేసినవాడికైనా ఈ గొంతు కొత్తది కాదు. చనిపోయినవాడికి పూలదండ, బతికున్నవాడికి పొదుపు పాఠం. దీన్ని విని నవ్వుతాం. ఆ నవ్వు ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే మాత్రం అంత తేలిగ్గా ఉండదు.

ఈ సినిమా పేరు 'డార్క్ స్టార్'. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా చదువుకుంటున్న జాన్ కార్పెంటర్, డాన్ ఓబానన్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు 1970 ప్రాంతంలో విద్యార్థి చిత్రంగా దీన్ని మొదలుపెట్టారు. తర్వాత జాక్ హారిస్ అనే నిర్మాత చెయ్యి కలపటంతో అది పూర్తి నిడివి చిత్రమైంది. 1974లో లాస్ ఏంజెలెస్ చిత్రోత్సవంలో చూపించారు, 1975లో థియేటర్లకు వచ్చింది. మొత్తం ఖర్చు సుమారు 60,000 డాలర్లు. కార్పెంటర్ దర్శకత్వం చేశాడు, సంగీతం కూడా తనే కట్టాడు. ఓబానన్ రచనలో పాలుపంచుకున్నాడు, కూర్పు చేశాడు, ట్రిక్కు పనులు చూశాడు, అది చాలక ఒక ముఖ్యమైన వేషం కూడా వేశాడు.

ఇలాంటి సినిమాల గురించి అభ్యుదయ సాహిత్య పత్రికలో రాయటమేమిటని అడిగే మిత్రులున్నారు. అంతరిక్షం, గ్రహాంతరవాసులు, పైగా హాస్యం, ఇదంతా పలాయనవాదం కాక మరేమిటని వాళ్ళ ప్రశ్న. కోట్ల డాలర్లు పోసి, నక్షత్రాల మీద సామ్రాజ్యాలు కట్టి, చివరికి ఒక రాజకుమారుడి చేతిలో కత్తి పెట్టే చిత్రాల విషయంలో ఆ మాట చెల్లుతుందేమో. కాని డబ్బు లేక తీసిన కొన్ని సైన్స్ హాస్య చిత్రాల చరిత్ర వేరు. ఆ తేడా ఎక్కడ పుట్టిందో చూడటమే ఇక్కడ నా ఉద్దేశం.

1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001' చిత్రానికి కోటి డాలర్లకు పైగా ఖర్చయింది. 'డార్క్ స్టార్' ఖర్చు అందులో నూటయాభయ్యో వంతు కూడా కాదు. కుబ్రిక్ గొప్ప కళాకారుడు, అందులో సందేహం లేదు. కాని ఆయన నౌకలో దుమ్ము ఉండదు. తెల్లటి గోడలు, తెల్లటి వెలుగు, తూచి మాట్లాడే మనుషులు. ఆ మరుసటి ఏడాదే, 1969లో, అమెరికా చంద్రుడి మీద మనిషిని దింపింది. అంతరిక్షం అంటే పరిశుభ్రమైన, క్రమశిక్షణ గల, ప్రభుత్వం నడిపే విజయగాథ అన్న భావం ప్రపంచమంతా వ్యాపించింది. అదే ప్రభుత్వం అదే రోజుల్లో వియత్నాం మీద, కంబోడియా మీద ఆకాశం నుంచి బాంబులు కురిపిస్తోంది. ఈ రెండు ఆకాశాలూ ఒకటేనని కనిపెట్టినవాళ్ళు కోటి డాలర్లున్నవాళ్ళు కాదు, ఈ ఇద్దరు విద్యార్థులు. వాళ్ళ కథలో నౌక పనేమిటంటే, వలస వెళ్ళేవాళ్ళకు అడ్డు రావచ్చనుకున్న గ్రహాలను ముందుగా వెళ్ళి బాంబులతో పేల్చెయ్యటం! సిబ్బంది ఇరవై ఏళ్ళుగా ఆ పనే చేస్తున్నారు. గడ్డాలు పెరిగాయి, మాటలు అయిపోయాయి, ఉన్న టాయిలెట్ కాగితమంతా ఒక ప్రమాదంలో తగలబడిపోయింది. ఈ విషయాన్ని నౌక దినచర్య పుస్తకంలో యుద్ధవార్త చదివినంత గంభీరంగా నమోదు చేస్తారు.

డబ్బు లేకపోవటం ఇక్కడ కథలోకే ప్రవేశించింది. నౌకలో తిరిగే గ్రహాంతర జంతువు నిజానికి పిల్లలు సముద్రపొడ్డున ఆడుకునే గాలి బంతి. కింద రెండు రబ్బరు పాదాలు తగిలించారు. మీటలున్న బల్ల మీద వెలిగేవి ఐసుముక్కలు చేసుకునే ట్రేలు. వీటిని దాచటానికి ఎవరూ పెద్దగా ప్రయత్నించలేదు. మన వీధి నాటకంలో ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడితే, దాని వెనక కృష్ణుడున్నాడని ఊరంతా ఒప్పుకుంటుంది. తెర పట్టుకున్నవాడు మన పక్కింటి మనిషేనని కూడా అందరికీ తెలుసు. తెలిసి ఒప్పుకోవటంలో ఒక స్నేహం ఉంది. చూసేవాడిని మోసగించటం కాదు, ఆటలో భాగస్వామిని చెయ్యటం అది. గాలి బంతిని చూసి ప్రేక్షకుడు నవ్వినప్పుడు జరిగేది కూడా అదే. భారీ చిత్రం తన వెనకున్న శ్రమను మాయం చేస్తుంది, ఎంత బాగా మాయం చేస్తే అంత గొప్ప చిత్రమంటారు. చవక చిత్రానికి ఆ శక్తి లేదు. చేసిన చేతులు కనిపిస్తూనే ఉంటాయి.

అయితే చేతులు కనిపించినంత మాత్రాన సరిపోదు. ఈ సినిమా తన పాత్రల చేతుల్ని కూడా చూపించింది. ఆ జంతువుకు మేత వేసే పని పిన్‌బ్యాక్ అనే సార్జెంటుది. దాన్ని తెచ్చింది నువ్వే గనక నువ్వే చూసుకో అంటారు మిగతావాళ్ళు. ఓబానన్ వేసిన వేషం ఇదే. ఇతను అసలు పిన్‌బ్యాక్ కానే కాదు. ఇంధనం పని చూసుకునే సాంకేతిక పనివాడు. అసలు పిన్‌బ్యాక్ ప్రాణం తీసుకుంటే, అతని దుస్తుల్లో ఉన్న ఇతన్నే అతననుకుని నౌకలోకి ఎక్కించేశారు. నేను వాణ్ణి కాదు, నాకు ఈ పని రాదు, ఈ బట్టలు నాకు సరిపోవని యంత్రం ముందు కూర్చుని చెప్పుకుంటాడు. వినేవాడెవడూ లేడు. వ్యవస్థకు కావలసింది మనిషి కాదు, యూనిఫారంలో ఒక శరీరం అని చెప్పటానికి ఇంతకన్నా తేలికైన, ఇంతకన్నా చవకైన మార్గం మరొకటి నాకు తోచదు.

ఇక బాంబు సంగతి. 20వ నంబరు బాంబుకు బుద్ధి ఉంది, మాట్లాడుతుంది. యంత్రం చెడి, నౌకకు అతుక్కునే పేలటానికి సిద్ధపడుతుంది. పేలవద్దంటే, నాకు ఆజ్ఞ వచ్చింది గనక పేలతానంటుంది. దిక్కుతోచని అధికారి డూలిటిల్, మంచులో గడ్డకట్టించి ఉంచిన పాత నాయకుడి శవాన్ని సలహా అడుగుతాడు. ఆ శవం మొదట అడిగే ప్రశ్న, తన అభిమాన బేస్‌బాల్ జట్టు ఎలా ఆడుతోందని. జట్టు ఎప్పుడో రద్దయిపోయిందని చెప్పాల్సి వస్తుంది. చివరికి డూలిటిల్ నౌక బయటకు వెళ్ళి బాంబుకు తత్వశాస్త్రం బోధిస్తాడు. నీకు ఆజ్ఞ వచ్చిందని నీకెలా తెలుసు, నువ్వు ఉన్నావనైనా నీకెలా తెలుసు అని అడుగుతాడు. బాంబు ఆలోచిస్తుంది. ఆలోచించి, ఉన్నది తనొక్కతేననీ, మిగతాదంతా భ్రమేననీ తీర్మానించుకుని, సృష్టి మొదలుపెడుతున్న దేవుడిలా ఒక మాట పలికి పేలిపోతుంది. శుద్ధ భావవాదం ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పటానికి మనం ఎన్నో వ్యాసాలు రాశాం. అన్నీ ఈ దృశ్యమంత పొట్టిగా లేవని ఒప్పుకోవాలి.

విడుదలైనప్పుడు సినిమా ఆడలేదు. సగం ఖాళీ హాళ్ళలో జనం నవ్వలేదు. నవ్వించలేకపోయాను గనక భయపెడదామనుకున్నానని ఓబానన్ తర్వాత చెప్పుకున్నాడు. నౌకలో తిరిగే అదే జంతువును, గాలి బంతి తీసేసి, 'ఏలియన్' కథగా రాశాడు. 1979లో వచ్చిన ఆ చిత్రానికి ఖర్చు కోటి డాలర్ల పైమాటే. అందులోనూ సిబ్బంది సరుకు మోసే కార్మికులే, వాటాల దగ్గర తగువుపడేవాళ్ళే, కంపెనీ లెక్కలో ప్రాణాలకు విలువ లేనివాళ్ళే. ఆ తర్వాత వీడియో క్యాసెట్లు వచ్చాక 'డార్క్ స్టార్'ను ఇళ్ళల్లో వేసుకుని చూసిన కొత్త తరం దాన్ని బతికించింది. 1988లో బీబీసీలో మొదలైన 'రెడ్ డ్వార్ఫ్' రచయితలు ఈ సినిమా ప్రభావాన్ని దాచుకోలేదు. అందులో ఇద్దరు ముఖ్యపాత్రలు నౌకలో సూపు యంత్రాలు బాగుచేసే చిన్న ఉద్యోగులు!

ఇలా కొద్దిమంది భక్తుల్లా పట్టుకుని, మళ్ళీ మళ్ళీ చూసి, నలుగురికీ చూపించి బతికించుకునే సినిమాలకు పాశ్చాత్య దేశాల్లో 'కల్ట్' సినిమాలని పేరు. 1970లో న్యూయార్కులో ఎల్గిన్ థియేటరు అర్ధరాత్రి ఆటలు వేయటంతో ఈ అలవాటు బలపడింది. ఈ అభిమానంలో రెండు రకాల నవ్వులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకపోతే మనం ఏం మెచ్చుకుంటున్నామో మనకే తెలియదు.

1980లో అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు రాసిన ఒక పుస్తకం, ప్రపంచంలోకెల్లా చెడ్డ సినిమా 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' అనీ, చెడ్డ దర్శకుడు దాన్ని తీసిన ఎడ్ వుడ్ అనీ బిరుదులిచ్చింది. అప్పటినుంచి జనం ఎగబడి చూసి నవ్వటం మొదలుపెట్టారు. వుడ్ తీసింది హాస్యచిత్రం కాదు. అటకెక్కిన నటులతో, దొరికిన అట్టముక్కలతో, గంభీరంగానే తీశాడు. ఈ బిరుదులు వచ్చేనాటికి అతను లేడు. 1978 డిసెంబరులో, అద్దె కట్టలేక ఇంట్లోంచి గెంటేసిన కొద్ది రోజులకే చనిపోయాడు. సమాధి రాయి ఊగుతోందని నవ్వటం నేరమని నేననను. ఊగేదాన్ని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. కాని సున్నం వెయ్యని ఇంటిని చూసి డాబా ఇంటివాడు నవ్వే నవ్వు ఎలాంటిదో మనకు తెలుసు. ఆ నవ్వుకు 'అభిరుచి' అని పేరు పెట్టటం మనం ఒప్పుకోనక్కరలేదు.

రెండో విషయం మరింత చిక్కైనది. ఎవరి చవక? రోజర్ కార్మన్ 1960లో విడుదల చేసిన 'లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' ఈ జాతి హాస్యానికి పెద్దన్న వంటిది. మనుషుల్ని తినే మొక్కను పెంచిన పూలకొట్టు గుమాస్తా కథ. ముఖ్యమైన షూటింగు రెండు రోజుల్లో ముగించారు, ఖర్చు సుమారు 30,000 డాలర్లు. ఈ రెండు రోజుల ఘనతను సినిమా పత్రికలు పురాణంలా చెప్పుకుంటాయి. ఆ తొందర వెనక కారణం కూడా చెప్పుకోవాలి. 1960 జనవరి నుంచి నటులకు పునఃప్రదర్శనల మీద చెల్లింపులు చెయ్యాలన్న కొత్త నిబంధన రాబోతోంది గనక, 1959 డిసెంబరులోనే పని ముగించారని ఆ చిత్రం చరిత్ర చెప్పేవాళ్ళు అంటారు. వీధి దృశ్యాల్లో కనిపించే తాగుబోతులు నిజంగా ఆ వాడలో రోడ్డు మీద బతికేవాళ్ళే. మనిషికి పది సెంట్లు ఇచ్చారట.

విచిత్రమేమంటే కథ చెప్పేది కూడా ఇదే. మొక్క శవాలు తింటోందని కొట్టు యజమానికి తెలుస్తుంది. పోలీసులకు చెప్పాలనుకుంటాడు. తెల్లవారి చూస్తే కొట్టు నిండా గిరాకీ! నోరు మూసుకుంటాడు. చార్లెస్ గ్రిఫిత్ రాసిన ఈ ఒక్క ఘట్టం లాభం గురించి అర్థశాస్త్ర పాఠమంత చెబుతుంది. పాఠం చెప్పిన కంపెనీయే పాఠంలోని యజమాని వేషం కట్టింది. సినిమాకు కాపీహక్కు కూడా సరిగా నమోదు చేయించలేదు. దాంతో అది అందరి సొత్తై, టెలివిజన్‌లో పదేపదే తిరిగి పేరు సంపాదించింది. 1982లో రంగస్థల సంగీత నాటకమైంది, 1986లో భారీ ఖర్చుతో మళ్ళీ సినిమా అయింది. ఆ పది సెంట్ల వాళ్ళకు ఇందులో ఏం ముట్టి ఉంటుందో ఊహించటం కష్టం కాదు. చవక సినిమా ప్రేమికులు ఈ లెక్క కూడా దగ్గర పెట్టుకోవాలి.

కార్మన్ కొట్టులో పనిచేసినవాళ్ళల్లో జాన్ సేల్స్ ఒకడు. 'పిరాన్హా' (1978), 'బాటిల్ బియాండ్ ది స్టార్స్' (1980) కథలు కార్మన్ సంస్థకే రాశాడు. అక్కడ పని నేర్చుకున్నాడు, ఆ డబ్బుతో తనకు కావలసిన సినిమాలు తీసుకున్నాడు. 1983లో మెకార్థర్ సంస్థ ఇచ్చిన ఉపకార వేతనంలో కొంత పెట్టి, సుమారు మూడున్నర లక్షల డాలర్లలో, 1984లో 'ది బ్రదర్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్' తీశాడు. మరో గ్రహం నుంచి పారిపోయి వచ్చిన బానిస కథ ఇది. నల్లగా ఉంటాడు, మాట రాదు, కాళ్ళకు మూడేసి వేళ్ళు. పడటం ఎల్లిస్ ద్వీపంలో పడతాడు. ఒకప్పుడు వలస వచ్చినవాళ్ళను ఆపి పరీక్షించిన భవనం అది. గోడ మీద చెయ్యి వేస్తే వాళ్ళ ఏడుపులు వినిపిస్తాయి. అక్కడినుంచి హార్లెం చేరతాడు. నల్లగా ఉన్నాడు గనక అక్కడ ఎవరూ వింతగా చూడరు. చెయ్యి తగిలిస్తే చెడిన యంత్రాలు బాగవుతాయి గనక వీడియో ఆటల కొట్టులో పని దొరుకుతుంది. అతన్ని పట్టుకుపోవటానికి వచ్చిన ఇద్దరు తెల్ల గ్రహాంతరవాసులు మాత్రం హార్లెంలో అడుగడుగునా తడబడతారు. ఆ ఇద్దరిలో ఒకడు సేల్సే. దర్శకుడు తెల్లవాడు, వేటగాడి వేషం తనే వేసుకున్నాడు. కథానాయకుడుగా జో మోర్టన్ ఒక్క మాట మాట్లాడకుండా సినిమా అంతా మోశాడు. కెమెరా పట్టింది ఎర్నెస్ట్ డికర్సన్ అనే నల్లజాతి యువకుడు, తర్వాత స్పైక్ లీ చిత్రాలతో పేరు పొందాడు.

ఒకచోట మ్యూజియంలో పారిపోతున్న బానిస బొమ్మ ఉంటుంది. పక్కనున్న పిల్లవాడికి ఆ బొమ్మ చూపించి, తన బొటనవేలు పైకి చూపిస్తాడు. ఎక్కడినుంచి వచ్చాడో అంతకన్నా చెప్పడు.

పాతాళ రైలులో ఒక దృశ్యం ఉంది. ఒక తెల్ల కుర్రవాడు పేకముక్కలతో గారడీ చేస్తూ కథ చెబుతాడు. చివర్న, ఇంకొక గారడీ ఉంది, తెల్లవాళ్ళందర్నీ మాయం చేస్తాను చూడమంటాడు. రైలు 59వ వీధిలో ఆగుతుంది. ఆ తర్వాత ఎక్స్‌ప్రెస్ ఆగేది 125వ వీధిలోనే, అంటే హార్లెంలో. పెట్టెలోని తెల్లవాళ్ళు ఒక్కరు మిగలకుండా దిగిపోతారు, కుర్రవాడు కూడా. దీనికి ట్రిక్కు ఫోటోగ్రఫీ అవసరం కాలేదు. న్యూయార్కు నగరాన్ని ఎవరు ఎలా కట్టుకున్నారో అలాగే చూపిస్తే సరిపోయింది, ఒక రైలు పెట్టె చాలింది.