పొగగొట్టంలో కొలత: 1863 ఆల్కలీ చట్టం, దాని లెక్కలు

పరిశ్రమలు విడిచే వాయువును కొలిచి, ఆ కొలతనే చట్టానికి ఆధారం చేసుకొన్న తొలి ప్రయత్నాలలో బ్రిటన్ ఆల్కలీ చట్టం (1863) ముఖ్యమైనది. దీనిని తరచుగా విజయగాథగానే చెప్పడం కనిపిస్తుంది. చట్టం దేనిని కొలిచింది, దేనిని కొలవక విడిచింది అని ప్రశ్నించినపుడు ఆ గాథ కొంత మారుతుంది.

సబ్బు, గాజు, వస్త్ర పరిశ్రమలకు సోడా అత్యవసరం. నికొలా లెబ్లాంక్ రూపొందించిన పద్ధతిలో ముందుగా ఉప్పును గంధకామ్లంతో కలిపి వేడిచేస్తారు. ఆ దశలోనే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాయురూపంలో వెలువడుతుంది. సెయింట్ హెలెన్స్, విడ్నెస్ వంటి పట్టణాల చుట్టూ చెట్లు మాడిపోవడానికి, పైర్లు దెబ్బతినడానికి కారణం ఇదే. కొందరు యజమానులు పొగగొట్టాల ఎత్తు పెంచారు. గ్లాస్గోలో టెనెంట్ కర్మాగారం 1842లో నిర్మించిన గొట్టం 400 అడుగులకు మించినది. దానివల్ల వాయువు తగ్గలేదు, మరింత దూరపు పొలాలకు చేరింది. నిజానికి వాయువును గోపురంలోకి పంపి, పైనుండి జారే నీటిలో కరిగించే పద్ధతికి విలియం గాసేజ్ 1836లోనే పేటెంటు పొందాడు. ఉపాయం ఉంది, దానిని సక్రమంగా వాడేలా చూసే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

న్యాయస్థానాల్లోనూ చిక్కే. పక్కపక్కనే పలు కర్మాగారాలున్న చోట తన పంటను చెరిచిన పొగ ఏ గొట్టానిదో బాధితుడు నిరూపించాలి. అది దాదాపు అసాధ్యం. లార్డ్ డెర్బీ చొరవతో 1862లో ఏర్పడిన ప్రభువుల సభ విచారణ సంఘం తర్వాత వచ్చిన చట్టం, వెలువడే ఆమ్లవాయువులో కనీసం 95 శాతాన్ని కరిగించి పట్టుకోవాలని నిర్దేశించింది. సాక్ష్యం పొలం నుండి గొట్టంలోకి మారింది. మాడిన చెట్టు చెప్పలేనిది అంకె చెప్పాలి.

ఆ అంకెను రాబట్టే బాధ్యత రాబర్ట్ ఆంగస్ స్మిత్‌ది. జర్మనీలో లీబిగ్ వద్ద చదివిన ఈ రసాయనవేత్త తొలి ఇన్‌స్పెక్టరుగా నియమితుడైనాడు. ఆస్పిరేటర్ అనే పరికరంతో గొట్టంలోని వాయువును తెలిసిన పరిమాణంలో లాగి, నీటి గుండా పంపి, అందులో చేరిన క్లోరైడును సిల్వర్ నైట్రేట్‌తో లెక్కకట్టేవారు. ఇన్‌స్పెక్టరు లేనపుడు ఏమి జరుగుతున్నదో తెలియాలంటే పరికరం దానంతటదే పనిచేయాలి. స్మిత్ అటువంటి వాటిపైనా శ్రమించాడు. యజమానులపై కేసులకంటె సలహాలనే ఆశ్రయించాడని ఆయనపై విమర్శ ఉంది. అది పూర్తిగా అన్యాయమైన విమర్శ కాదు.

అయితే అసలు లోపం వ్యక్తిది కాదు, కొలమానానిది. 95 శాతం అనేది నిష్పత్తి. కర్మాగారం వాడే ఉప్పు రెట్టింపైతే, అదే నిష్పత్తిని పాటించినా బయటికి పోయే 5 శాతం కూడా రెట్టింపవుతుంది. కొత్త కర్మాగారాలు చేరేకొద్దీ ప్రతి ఒక్కటీ చట్టబద్ధంగానే ఉంటూ ఊరి గాలి చెడవచ్చు. పైగా గంధకామ్ల వాయువులు, బొగ్గు పొగ ఆ చట్టం పరిధిలోనే లేవు. 1874 సవరణ ఘనపుటడుగు వాయువులో ఆమ్లం 0.2 గ్రెయిన్లకు మించరాదన్నది. ఇది సాంద్రతకు హద్దు. కొలవడం సులువైంది. కాని గొట్టంలోకి అదనపు గాలి చేరితే అంకె తగ్గుతుంది, ఆమ్లం తగ్గదు. అదే సవరణ ‘ఆచరణసాధ్యమైన ఉత్తమ పద్ధతులు’ అనుసరించాలన్న నియమాన్నీ చేర్చింది. అంకె చాలదన్న అంగీకారంగా దీనిని చదవవచ్చు. లార్డ్ అబర్‌డేర్ అధ్యక్షతన 1876లో ఏర్పడిన రాయల్ కమిషన్ విచారణ తర్వాత, 1881 చట్టం గంధకామ్ల కర్మాగారాలను, మరికొన్ని రసాయన పరిశ్రమలను తన పరిధిలోకి తెచ్చింది.

మన దేశంలో 1905 నాటి బెంగాల్ పొగ నియంత్రణ చట్టం దృష్టి ప్రధానంగా కంటికి కనిపించే పొగపైనే. జాతీయస్థాయి వాయు చట్టం 1981లో వచ్చింది. నేటికీ ధూళికణాలకు సాధారణ ఉద్గార ప్రమాణం ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములు. 1874 హద్దు వలెనే ఇదీ సాంద్రతే. గొట్టాన్ని కాక ప్రాంతాన్ని మొత్తంగా చూసే ప్రయత్నం 2009 నాటి సమగ్ర పర్యావరణ కాలుష్య సూచికలో కనిపిస్తుంది. గాలి, నీరు, నేల మూడింటినీ కలిపి లెక్కించిన ఆ సూచికలో 70 దాటిన ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించారు. 88 పారిశ్రామిక ప్రాంతాలలో అటువంటివి 43. విశాఖపట్నం, పటాన్‌చెరు–బొల్లారం ఆ జాబితాలో ఉన్నాయి.