వైన్ ద్రాక్ష: గింజతో నిలవని రకం, అంటుతో సాగే వంశం

ప్రపంచంలో వైన్ తయారీకి వాడే ద్రాక్షలో అత్యధిక భాగం వైటిస్ వినిఫెరా అనే ఒకే జాతికి చెందుతుంది. మహారాష్ట్రలోని నాసిక్ తోటల్లో పెంచే కాబర్నే సావిన్యాన్, షిరాజ్, సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ ఆ జాతి రకాలే. అడవి ద్రాక్షలో ఆడ, మగ తీగలు వేర్వేరుగా ఉంటాయి. సాగు రకాల్లో మాత్రం ఒకే పువ్వులో కేసరాలు, అండాశయం రెండూ ఉండడం వల్ల దాదాపు ప్రతి తీగా కాస్తుంది. వేల ఏళ్ల కిందట రైతులు ఏరుకున్నది ఈ లక్షణాన్నే.

గింజ నాటితే తల్లి రకం తిరిగి రాదు. కాబర్నే సావిన్యాన్ అనేది కాబర్నే ఫ్రాంక్, సావిన్యాన్ బ్లాంక్‌ల సహజ సంకరమని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ శాస్త్రవేత్తలు 1997లో డీఎన్‌ఏ ఆధారంగా తేల్చారు. దాని గింజ నుంచి మొలిచే ప్రతి మొక్కా మరో కొత్త రకమే అవుతుంది. అందుకే ముదిరిన కొమ్మను మూడు, నాలుగు కన్నులు ఉండేలా కోసి నాటుతారు. ఆ లెక్కన నేటి తోటల్లోని కాబర్నే తీగలన్నీ ఏనాడో మొలిచిన ఒకే మొక్కకు కొనసాగింపు. ఈ పద్ధతిలో సుగుణాలతో పాటు జబ్బులూ వారసత్వంగా వస్తాయి. ఆకుముడత వైరస్ సోకిన తల్లి తీగ నుంచి తీసిన కొమ్మలన్నింటికీ అది సంక్రమిస్తుంది. తోటలో దానికి మందు లేదు. తల్లి మొక్కలను పరీక్షించుకోవడమే రక్షణ.

సొంత వేర్లపై పెరిగే వినిఫెరాకు 1860ల్లో గట్టి దెబ్బ తగిలింది. పేనుబంకకు దగ్గరి బంధువైన ఫైలోక్సెరా అనే సూక్ష్మ పురుగు ఉత్తర అమెరికా నుంచి ఫ్రాన్స్‌కు చేరి వేర్లను పీల్చేయడంతో తోటలకు తోటలే ఎండిపోయాయి. మోంపెలియేకు చెందిన వృక్షశాస్త్రవేత్త జూల్ ఎమిల్ ప్లాంషోన్ బృందం 1868లో కారకాన్ని గుర్తించింది. ఆ పురుగుతో కలిసి పరిణమించిన అమెరికా అడవి ద్రాక్షల వేర్లు దానిని తట్టుకుంటాయి గానీ, వాటి పండ్ల రుచి ఐరోపా వారికి నచ్చలేదు. దాంతో కింద అమెరికా వేరు, పైన ఐరోపా తీగ అనే పరిష్కారం స్థిరపడింది. ఇందుకు తగిన అడవి జాతులను వెతికి చూపిన వారిలో టెక్సస్‌కు చెందిన టీవీ మన్సన్ ముఖ్యుడు.

నాసిక్‌కూ టెక్సస్‌కూ ఇక్కడే సంబంధం కలుస్తుంది. మన్సన్ టెక్సస్‌లో ఎంపిక చేసిన డాగ్‌రిడ్జ్ భారత ద్రాక్ష తోటల్లో విరివిగా వాడే వేరుమూలం. అయితే ఇక్కడ దాని అవసరం ఫైలోక్సెరా వల్ల వచ్చింది కాదు. నీటి ఎద్దడి, ఉప్పు నీరు, చౌడు నేలలు రైతును అటు నడిపించాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేరుమూలాన్ని పొలంలో నాటి, ఆగస్టు, సెప్టెంబరుల్లో గాలిలో తేమ ఉన్నప్పుడు దానిపై రెండు కన్నుల కొమ్మను ఆప్పు ఆకారంలో చెక్కి అంటు కడతారు. బెరడు కింది పల్చని పచ్చ పొరలు రెండూ ఒకదానికొకటి తగిలితేనే అంటు అతుకుతుంది. అతికినంత మాత్రాన పని ముగిసినట్లు కాదు. డాగ్‌రిడ్జ్‌పై కట్టిన థాంప్సన్ సీడ్‌లెస్ తీగల్లో ఏళ్లు గడిచే కొద్దీ సోడియం పేరుకుని, పొటాషియం తగ్గే సమస్య బయటపడింది. అందుకే 110ఆర్ వంటి ఇతర వేరుమూలాల వైపు దృష్టి మళ్లింది. వేరు ఎంపికలో పొరపాటు తొలి కాపులో కనిపించదు. కనిపించేసరికి పెట్టుబడి నేలలో ఇంకిపోయి ఉంటుంది.

కాపు విషయంలోనూ తీగ అంతే ముందుగా లెక్క వేసుకుంటుంది. ద్రాక్షలో పూగుత్తి, నులితీగ ఒకే రకమైన మూల కణజాలం నుంచి పుడతాయి. సైటోకైనిన్ ప్రభావం ఎక్కువైతే పూగుత్తి, జిబ్బరెల్లిన్ పైచేయి అయితే నులితీగ ఏర్పడుతుంది. ఈ నిర్ణయం కన్ను లోపల, పంటకు ముందు సీజన్‌లోనే జరిగిపోతుంది. అప్పుడు కన్నుపై వెలుతురు పడకపోతే పూగుత్తులు తగ్గుతాయి. ఆ తర్వాత ఎరువు ఎంత వేసినా లేని గుత్తి రాదు.

శీతల దేశాల్లో చలికాలం తీగను నిద్రపుచ్చుతుంది. నాసిక్‌లో అంత చలి లేదు, తీగకు విశ్రాంతీ లేదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు. ఏప్రిల్ కత్తిరింపు కొత్త కొమ్మల కోసం, వాటి కన్నుల్లో పూగుత్తి రూపుదిద్దుకోవడం కోసం. అక్టోబరు ప్రాంతంలో చేసేది పండు కోసం. కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. కన్నులన్నీ ఒకేసారి మేల్కొనేందుకు అక్టోబరు కత్తిరింపు తర్వాత హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు. ఇది విషపదార్థం. పూసినవారు ఆ రోజుల్లో మద్యం తాగితే ఒంట్లో తీవ్ర ప్రతిచర్య వస్తుంది. వైన్ తోటలో పనిచేసేవారికే ఈ నిషేధం వర్తించడం విచిత్రం.

ఏ కన్ను వద్ద కోయాలన్నది అంచనాకు వదిలేయనక్కరలేదు. కత్తిరింపుకు ముందు కొన్ని కొమ్మలను ప్రయోగశాలకు పంపితే, కన్నును నిలువుగా చీల్చి సూక్ష్మదర్శిని కింద చూసి, మొదలు నుంచి ఎన్నో కన్నులో పూగుత్తి ఉందో చెబుతారు. కత్తెర ఆ కన్నుకు పైన పడుతుంది.