గొంతుకు తగిలే ఘాటు

దమ్ము లాగిన సంగతి అన్నింటికన్నా ముందు గొంతుకు తెలుస్తుంది. పొగ లోపలికి దిగుతూ గొంతు వెనక భాగాన్ని ఒక్క క్షణం గీరి పట్టేస్తుంది. నికోటిన్ రక్తంలో కలిసి మెదడుకు చేరడానికి ఆ తర్వాత పది ఇరవై సెకన్లు పడుతుంది. ఆ లోపే తృప్తి సగం కుదిరిపోతుంది. వేప్ పరికరాలు, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్లు, వాడేవారు ఈ పట్టును త్రోట్ హిట్ అంటారు. నికోటిన్ తగ్గించుకుంటూనే ఈ ఘాటును నిలుపుకోవడం ఎలా అన్నది వారి మధ్య ఎడతెగని చర్చ. అయితే ఈ ప్రశ్న వేపింగ్‌తో పుట్టింది కాదు. పొగాకు వ్యాపారం నూరేళ్లకు పైగా ఘాటునూ నికోటిన్‌నూ కావలసినట్టు కలుపుతూ, విడదీస్తూ వచ్చింది.

ఈ రెంటి ముడి రసాయనంలోనే ఉంది. నికోటిన్ క్షార స్వభావం ఉన్న పదార్థం. పొగలో క్షార గుణం ఎక్కువైతే నికోటిన్ విడిగా, స్వేచ్ఛగా ఉండి గొంతును మండిస్తుంది. ఆమ్ల గుణం ఎక్కువైతే అది లవణ రూపంలోకి మారి మెత్తబడుతుంది. గోదావరి లంకల్లో పండే పొగాకుతో చుట్టిన చుట్ట మొదటి రకం. దాని పొగను గుండెల దాకా లాగడం కష్టం. లాగనవసరం కూడా లేదు, ఎందుకంటే క్షార పొగలోని నికోటిన్ నోటి లోపలి పొరలోంచే రక్తంలోకి ఇంకుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని ఆడవాళ్లు కాల్చే అడ్డపొగలోనూ పొగ నోటితోనే ఆగుతుంది. అంగిలికి అది చేసే చేటు వేరే సంగతి.

సిగరెట్ రెండో రకం. దాని పుట్టుక వెనక ఒక కథ చెబుతారు. 1839లో అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రం కాస్‌వెల్ కౌంటీలో, అబైషా స్లేడ్ పొలంలో స్టీఫెన్ అనే బానిస యువకుడు పొగాకు ఆరబెట్టే కొట్టానికి రాత్రి కాపలా ఉన్నాడు. కునుకు పట్టి లేచేసరికి మంట చల్లారిపోతోంది. కంగారుగా కొలిమి బొగ్గులు తెచ్చి పోశాడు. గుప్పున లేచిన వేడికి ఆకు మెరిసే పసుపు రంగుకు తిరిగింది. అలా వేడితో త్వరగా క్యూరింగ్ చేసిన ఆకులో చక్కెరలు నిలిచిపోతాయి, దాని పొగ ఆమ్ల గుణానికి మొగ్గుతుంది. గొంతు ఎదురు తిరగదు, పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. 1920లలో గుంటూరు ప్రాంతపు నల్లరేగళ్లలోకి వర్జీనియా పొగాకు వచ్చింది. దాని వెంటే బ్యారన్లు లేచాయి. గొట్టాల్లో వేడి గాలి పారించి ఆకును పండించే ఆ బ్యారన్లు గుంటూరు, ప్రకాశం రైతులకు పొయ్యి కట్టెల లెక్కలుగా, అప్పులుగా, గ్రేడింగ్ గొడవలుగానే తెలుసు. ప్రపంచ మార్కెట్‌కు మాత్రం అవి ఘాటు తగ్గించే యంత్రాలు. సిగరెట్ సాధించిన మొదటి విజయం ఇదే: నికోటిన్‌ను ఉంచి గొంతు మంటను తగ్గించడం.

ఆ మీద వచ్చింది మెంథాల్. ఒహాయోకు చెందిన లాయిడ్ హ్యూస్ మెంథాల్ పట్టించిన సిగరెట్‌కు 1925లో పేటెంట్ పొంది, స్పడ్ అనే పేరుతో అమ్మించాడు. 1933లో బ్రౌన్ అండ్ విలియమ్సన్ కంపెనీ కూల్ సిగరెట్లు దించింది. పుదీనాలో ఉండే ఈ పదార్థం చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టిలేపుతుంది. గొంతుకు ఏదో తగిలినట్టూ ఉంటుంది, మంటా మరుగున పడుతుంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. తర్వాతి కాలంలో వేపింగ్ వ్యాపారం ఈ ఉపాయాన్నే మళ్లీ మళ్లీ వాడుకుంది.

1950లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పరిశోధనలు బయటపడ్డాక కంపెనీలు ఫిల్టర్లకు, ఆపై లైట్ సిగరెట్లకు మళ్లాయి. ఫిల్టర్ చుట్టూ సన్నని రంధ్రాలు పొడిచి పొగలో గాలి కలపడం లైట్ సిగరెట్ల కీలకం. కొలిచే యంత్రంలో తారు, నికోటిన్ తగ్గినట్టు కనిపించేవి. మనిషి యంత్రంలా కాల్చడు. ఆ రంధ్రాలను వేళ్లతోనో పెదవులతోనో మూసి, గట్టిగా, ఎక్కువ సార్లు లాగి కొరత తీర్చుకునేవాడు. మరోవైపు కొన్ని బ్రాండ్లలో పొగాకుకు అమ్మోనియా సమ్మేళనాలు పట్టించారు. మార్ల్‌బరో ఇందుకు పేరుపడ్డది. అమ్మోనియా పొగ క్షార గుణాన్ని కాస్త పెంచి, ఉన్న నికోటిన్‌కే కొంత విసురు తెస్తుంది. ఫిల్టర్ తగ్గించిన ఘాటును రసాయనం దొడ్డిదారిన తిరిగి తెచ్చింది.

నికోటిన్‌నే తీసేస్తే ఏమవుతుందో కూడా చూశారు. ఫిలిప్ మోరిస్ 1989లో నెక్స్ట్ అనే సిగరెట్‌ను పరీక్షగా మార్కెట్లో పెట్టింది. కాఫీ గింజల నుంచి కెఫీన్ తీసేసే తరహా పద్ధతితో దాని పొగాకులోంచి నికోటిన్‌ను దాదాపు పూర్తిగా లాగేశారు. జనం దాన్ని ఆదరించలేదు, కంపెనీ త్వరలోనే వెనక్కి తీసుకుంది. 2003లో వెక్టర్ టొబాకో క్వెస్ట్ పేరుతో మూడు మెట్లలో సిగరెట్లు దించింది: 0.6, 0.3, 0.05 మిల్లీగ్రాముల నికోటిన్. మెట్టు మెట్టుగా దిగమని దాని ఉద్దేశం. అదీ నిలబడలేదు. ఈ వైఫల్యానికి ఒక సగం కారణం మెదడుకు అందని నికోటిన్, రెండో సగం గొంతుకు అందని నికోటిన్. దానికి గొంతును గీరే గుణం స్వతహాగా ఉంది కాబట్టి దాన్ని తీస్తే ఆ గీరుడు కూడా పలచబడుతుంది. ఆవాల ఘాటును పసిగట్టే టీఆర్‌పీఏ1 అనే గ్రాహకాన్ని నికోటిన్ నేరుగా తట్టిలేపుతుందని 2009లో ప్రయోగశాలలో తేలింది.

గొంతు వాటాను విడదీసి కొలిచిన ఘనత జెడ్ రోజ్‌ది. నికోటిన్ ప్యాచ్‌ను రూపొందించిన వారిలో ఆయన ఒకరు. మొదట కాలిఫోర్నియాలో, తర్వాత పొగాకు ఊరుగా పేరుపడ్డ డర్హమ్‌లోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 1985లో ఆయన బృందం ప్రచురించిన ప్రయోగం పైకి చిన్నదే: పొగతాగేవారి గొంతుకు, శ్వాసనాళాలకు తిమ్మిరి మందు పట్టించి సిగరెట్ ఇచ్చారు. నికోటిన్ ఎప్పటిలాగే అందుతోంది, స్పర్శ మాత్రం లేదు. తృప్తి పడిపోయింది. ఇక తిరగేసి చూశారు: నికోటిన్ లేకుండా గొంతుకు స్పర్శ మాత్రమే ఇస్తే? నిమ్మజాతి పళ్లలో పులుపునిచ్చే సిట్రిక్ ఆమ్లాన్ని సన్నని తుంపరగా పీల్పించారు, 1987లో దాని ఫలితాలు వచ్చాయి. 1994లో తక్కువ తారు సిగరెట్లకు మిరపలోని కారపు పదార్థమైన క్యాప్సైసిన్ కలిపి చూశారు, నల్ల మిరియాల సారం ఆవిరిని పీల్పించి చూశారు. గొంతును, ఛాతీని తాకే ఈ మంట సిగరెట్ కోసం పుట్టే తహతహను కొంతసేపు అణచగలిగింది. మిరపా పొగాకూ రెండూ పండించే గుంటూరు వారికి ఇది పెద్ద వింతగా తోచకపోవచ్చు. ప్యాచ్‌తో పాటు సిట్రిక్ తుంపర వాడి మానిపించే ప్రయోగాలు కూడా జరిగాయి గానీ అవి పెద్దగా వాడుకలోకి రాలేదు. ప్యాచ్ ఒక్కటే మందుల షాపుల్లోకి వచ్చింది. అది చర్మం నుంచి నికోటిన్ ఇస్తుంది, గొంతుకు ఏమీ ఇవ్వదు. ఆ లోటును పూడ్చే అవకాశం మందుల కంపెనీలకు కాక ఒక చైనా ఫార్మసిస్టుకు దక్కింది.

దానికి ముందు కొన్ని తొలి ప్రయత్నాలున్నాయి. పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో దరఖాస్తు పెట్టి 1965లో పేటెంట్ పొందిన పరికరం, రుచి కలిపిన తేమ గాలిని వేడిచేసి ఇచ్చేది. పొగాకూ లేదు, మంటా లేదు. అది బజారుకు ఎక్కలేదు. 1980లలో ఫేవర్ అనే గొట్టంలోంచి నికోటిన్ ఆవిరిని పీల్చుకునే ఏర్పాటు వచ్చింది. 1987లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని అనుమతి లేని మందుగా లెక్కగట్టి ఆపించింది.

షెన్యాంగ్ నగరంలో ఫార్మసిస్టు హోన్ లిక్ 2003లో తయారుచేసిన ఎలక్ట్రానిక్ సిగరెట్ మరుసటి ఏడాది చైనాలో అమ్మకానికి వచ్చి, 2006–07 నాటికి యూరప్‌కు, అమెరికాకు చేరింది. సిగరెట్ ఆకారం, చిన్న బ్యాటరీ, కొద్దిపాటి ఆవిరి. ఇంత బలహీనమైన ఆవిరితో గొంతుకు ఏదైనా తగలాలంటే ద్రవంలోనే నికోటిన్ దండిగా ఉండాలి. అందుకే తొలినాళ్లలో మిల్లీలీటరుకు 18, 24 మిల్లీగ్రాముల సీసాలు మామూలు. ఆ నికోటిన్ స్వేచ్ఛా రూపంలో ఉండేది కాబట్టి అంకె పెరిగే కొద్దీ ఘాటు పెరిగేది. ద్రవానికి ఆధారమైన రెండు పదార్థాల పాళ్లు కూడా ముఖ్యమే. పీజీ అని పిలిచే ప్రొపిలీన్ గ్లైకాల్ పలచగా ఉండి గొంతును పట్టుకుంటుంది. వీజీ అనే వెజిటబుల్ గ్లిజరిన్ చిక్కగా, తియ్యగా ఉండి దట్టమైన మబ్బులనిస్తుంది, గొంతును మాత్రం జోలపాడినట్టు దాటిపోతుంది. నికోటిన్ తగ్గించాలనుకున్నవారు మొదట పట్టుకున్న ఉపాయం పీజీ పాళ్లు పెంచడం.

2010ల మొదట్లో పరికరాలే మారిపోయాయి. పెట్టె ఆకారపు బ్యాటరీలు, తక్కువ నిరోధం ఉన్న తీగచుట్టలు వచ్చాయి. వీటిని సబ్-ఓమ్ పరికరాలంటారు. సిగరెట్‌లా నోట్లో పట్టి ఆపై లోపలికి పీల్చే పద్ధతి పోయి, హుక్కాలా నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగే పద్ధతి నడిచింది. ఒక్క దమ్ముకు వచ్చే ఆవిరి ఎన్నో రెట్లు పెరిగింది. అందులో 18 మిల్లీగ్రాముల ద్రవం పోస్తే దగ్గు తెరలు ఆగవు. వాడేవారు వాళ్లంతట వాళ్లే 6కు, 3కు దిగారు. గొంతుకు తగలాల్సినంత తగులుతూనే ఉంది, సీసా మీద అంకె మాత్రం ఆరో వంతైంది. వేపింగ్ చరిత్రలో నికోటిన్ తగ్గించి ఘాటు నిలుపుకున్న ఘట్టం నిజంగా ఇదే. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. 18 మిల్లీగ్రాముల ద్రవం రోజుకు 2 మిల్లీలీటర్లు కాల్చితే పరికరంలోంచి పోయేది 36 మిల్లీగ్రాములు. 3 మిల్లీగ్రాముల ద్రవం 12 మిల్లీలీటర్లు కాల్చినా అంతే.

యూరప్‌లో చట్టం కూడా ఈ దిగుడుకు ఒక చేయి వేసింది. 2014 నాటి పొగాకు ఉత్పత్తుల ఆదేశం 2016 మేలో అమలులోకి వచ్చి, నికోటిన్ ద్రవాలకు మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల హద్దు, 10 మిల్లీలీటర్ల సీసా హద్దు పెట్టింది. నికోటిన్ లేని ద్రవానికి ఆ హద్దు లేదు. వ్యాపారులు దారి కనిపెట్టారు: 60 మిల్లీలీటర్లు పట్టే సీసాలో 50 మాత్రమే, నికోటిన్ లేకుండా నింపి అమ్మడం. కొన్నవారు సీసా మూతి ముక్కును ఊడబెరికి, మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న 10 మిల్లీలీటర్ల చిన్న సీసా ఒకటి అందులో పూర్తిగా వంచి, ముక్కు బిగించి బాగా కుదుపుతారు. 180 మిల్లీగ్రాములు 60 మిల్లీలీటర్లలో పరచుకుంటే మిల్లీలీటరుకు 3. చిన్న సీసాను సగమే వంచితే అది ఒకటిన్నర దరిదాపులకు వస్తుంది. క్వెస్ట్ సిగరెట్లు మూడు మెట్లలో అమ్మబోయిన దాన్ని ఇక్కడ వాడేవారే ఎన్ని మెట్లు కావాలంటే అన్ని చేసుకోగలిగారు.

2015లో కథ అడ్డం తిరిగింది. అమెరికాలో పాక్స్ ల్యాబ్స్ జూల్ పరికరాన్ని విడుదల చేసింది. అందులో నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం జతచేసి లవణంగా మార్చారు. బ్యారన్ వేడి ఆకుకు చేసిన పనినే ఆమ్లం ద్రవానికి చేసింది. మిల్లీలీటరుకు సుమారు 59 మిల్లీగ్రాములున్నా గొంతు కిక్కురుమనదు. ఘాటు అనేది కొత్తవారిని వెనక్కి నెట్టే గడప కూడా అని అప్పుడు అర్థమైంది. ఆ గడప లేకపోవడంతో బడిపిల్లలు సులువుగా లోపలికి వెళ్లారు. 2018 నాటి జాతీయ సర్వేలో అమెరికా హైస్కూలు విద్యార్థుల్లో 20.8 శాతం మంది అంతకు ముందు 30 రోజుల్లో ఈ-సిగరెట్ వాడామన్నారు.

నికోటిన్ మూడుకు, ఒకటిన్నరకు, సున్నాకు దిగే కొద్దీ గొంతుకు ఏదో ఒకటి తగిలించే బాధ్యత చల్లదనపు పదార్థాల మీద పడింది. మెంథాల్‌తో పాటు డబ్ల్యూఎస్-23 రంగంలోకి వచ్చింది. 1970లలో గడ్డం బ్లేడ్ల కంపెనీ విల్కిన్సన్ స్వోర్డ్ పరిశోధనలో పుట్టిన కుటుంబం ఇది. పుదీనా రుచి లేకుండా చల్లదనం ఒక్కటే ఇస్తుంది. మామిడి, పుచ్చకాయ రుచుల పక్కన ఐస్ అనే మాట తగిలించి అమ్మే ద్రవాల్లో ఉండేవి ఎక్కువగా ఇలాంటివే. ఇది అసలు ఘాటు కాదని పాతకాపులు పెదవి విరుస్తారు, అందులో నిజం ఉంది. చల్లదనం వేరే నరాల పని.

మరో దారి పరికరం శక్తి పెంచడం, పొడవుగా లాగడం. లైట్ సిగరెట్ల కాలపు పాఠం ఇక్కడ మళ్లీ ఎదురైంది. 18, 6 మిల్లీగ్రాముల ద్రవాలను పోల్చి చూసి, 2018లో ప్రచురించిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, తక్కువ నికోటిన్ ద్రవం వాడినప్పుడు దమ్ముల సంఖ్య, నిడివి పెరిగాయి, వేప్ చేయాలన్న తహతహ పెరిగింది, ఫార్మాల్డిహైడ్‌కు గురయ్యే సూచనలూ పెరిగాయి. పీజీ, వీజీలు ఎక్కువ వేడికి విచ్ఛిన్నమైతే ఆ విషం పుడుతుంది. గొంతు కోసం వాటేజీ పెంచి నికోటిన్ తగ్గించుకోవడం ఆరోగ్యానికి తప్పనిసరిగా లాభం కాదు.

భారతదేశంలో ఈ చరిత్ర 2019 సెప్టెంబరు 18 నాటి ఆర్డినెన్సుతో ఆగింది. అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరాలు. మొదటిసారికి ఏడాది దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. పదార్థాన్ని వేడిచేసి పీల్చుకునే ఆవిరి పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం అన్నదే చట్టం ఇచ్చిన నిర్వచనం. అందులో నికోటిన్ ఉన్నా, లేకున్నా ఒకటే. మెట్లన్నీ దిగి సున్నాకు చేరిన సీసా కోసం తయారైన పరికరం కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది.