వారసత్వ ఉద్యోగం: న్యాయస్థానాలు చెప్పిన మాట

మన బొగ్గు గనుల ప్రాంతంలో బాయి పని అంటే ఒక్క మనిషి ఉద్యోగం కాదు, ఇంటిల్లిపాదికీ ఆధారం. తండ్రి చేసిన కొలువే కొడుక్కు రావడం గోదావరిఖని, రామగుండం వాడల్లో మనం ఎరిగిన సంగతే. అందుకే 2017 మార్చిలో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టివేసినప్పుడు, నోటికాడి కూడు పోయిందని ఎన్నో ఇళ్లు బాధపడ్డాయి. ఆ బాధ అబద్ధం కాదు. అయితే కోర్టు ఆ మాట ఎందుకన్నదో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఈ కథ బొగ్గుతో మొదలు కాలేదు, ఊరి మునసబుతో మొదలైంది. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలోని పెరవలిని రెండుగా చేసి, పెరవలిపాలెం అని కొత్త గ్రామం ఏర్పరచారు. దానికి మునసబు ఎవరన్న తగాదా వచ్చింది. 1895 నాటి మద్రాసు చట్టం ప్రకారం పాత మునసబు కుటుంబంలో నుంచే ఎంచుకోవాలి. గాజుల దశరథ రామారావు అనే ఆయన దీని మీద సుప్రీంకోర్టు దాకా పోయారు. 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. మునసబు పని కూడా ప్రభుత్వోద్యోగమే, దాన్ని వంశం చూసి ఇవ్వరాదు అని. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులనే రద్దు చేసింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాన్నీ సమర్థించింది.

ఆ తీర్పుకు మూలం రాజ్యాంగంలోని 16వ అధికరణం, రెండవ క్లాజు. మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం: వీటిని మాత్రమే చూసి ప్రభుత్వోద్యోగంలో తేడా చూపరాదని అందులో ఉంది. పేరు చూసి మన పిల్లవాణ్ణి పక్కకు నెడితే మనం పట్టుకునేది ఈ క్లాజునే. మతం అన్న మాట మనకు గొడుగైతే, దాని సరసనే ఉన్న వంశం అన్న మాట కంపెనీలో తండ్రి లేని బిడ్డకు గొడుగు. ఒక మాట ఉంచి ఇంకో మాట తీసెయ్యమని అడగగలమా? మనలోనే ఆటో నడుపుకొనే ఇళ్లు, పండ్ల బండి పెట్టుకొనే ఇళ్లు ఉన్నాయి. వాళ్ల పిల్లలూ మన పిల్లలే కదా.

మరి ఇంటి పెద్ద పోయిన కుటుంబం గతి ఏమిటి? దానికి న్యాయస్థానాలు తలుపు మూయలేదు. హఠాత్తుగా వచ్చిపడ్డ కష్టం నుంచి కుటుంబాన్ని గట్టెక్కించడమే కారుణ్య నియామకం ఉద్దేశమనీ, అది వారసత్వ హక్కు కాదనీ 1994లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జబ్బుచేసి పనికి పనికిరాకుండా పోయిన ఉద్యోగి కుటుంబానికీ ఇది చెల్లుతుందని 2008లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన శివమూర్తి కేసులో తేల్చింది.

ఈ రెండు దారులు కలిసిన చోటే మన సింగరేణి కేసు. మునుపు ఉండి ఆగిపోయిన పద్ధతిని 2016 చివర మళ్లీ ప్రకటించారు. కార్మికుడు స్వచ్ఛందంగా విరమిస్తే చాలు, వారసునికి ఉద్యోగం. జబ్బు ఉందా, ఇంట్లో ఇబ్బంది ఉందా అన్న ప్రశ్న లేదు. అక్కడే హైకోర్టు అభ్యంతరం. తగిన కారణం లేకుండా ఇలా ఇస్తే 14, 16 అధికరణాలకు విరుద్ధమంది. అదే ఏడు ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఆ తర్వాత కంపెనీ, నిజంగా అన్‌ఫిట్ అయినవారి కుటుంబాలకు కారుణ్య నియామకాల దారి పట్టింది.

కాబట్టి మన కుటుంబాలు గుర్తుంచుకోవలసింది ఇది. పుట్టుక హక్కు కాదు, కష్టం హక్కుకు ఆధారం. కష్టానికి రుజువు కావాలి. సర్వీసు రికార్డులో భార్యాబిడ్డల పేర్లు, పుట్టిన తేదీలు సరిగ్గా ఉన్నాయో లేదో నాన్న ఉద్యోగంలో ఉండగానే చూసుకోవాలి. ఆస్పత్రి కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి. గడువు దాటకుండా దరఖాస్తు పెట్టాలి. దళారికి డబ్బు కట్టి తెచ్చుకొన్న కాగితం ఇంటికి అన్నం పెట్టదు, కేసు తెచ్చిపెడుతుంది. అన్నిటికన్నా ముందు మన పిల్లలను, ఆడపిల్లలను కూడా, బాయి ఉద్యోగం వచ్చినా రాకున్నా నిలబడగలిగేటట్టు చదివించుకోవాలి. ఇదే మా మనవి.