జ్యోతి పక్కన నిలబడ్డవాళ్లు

జనవరి 14 అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? భోగి మంటలు, పతంగులు, సకినాలు. అదే రోజు మన దేశంలో మాజీ సైనికుల దినోత్సవం కూడా. భారత సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప రిటైర్ అయింది 1953 జనవరి 14న. అందుకే ఆ తేదీ. కానీ మన నారాయణఖేడ్‌లో అయినా, పక్క ఊళ్లో అయినా, పండగ హడావుడిలో ఆ సంగతి ఎవరికి పడుతుంది చెప్పండి?

ఆ మాజీ సైనికుల్లో కొందరు చేసిన డ్యూటీ గురించి మనం అసలు ఆలోచించం. యుద్ధ స్మారకం దగ్గర గౌరవ కాపలా. ఈరోజు మాట్లాడుకునేది వాళ్ల గురించే.

చనిపోయిన వీరుణ్ని గుర్తుపెట్టుకోవడం మనకు కొత్త కాదు. దక్కన్ ఊళ్లలో పాత వీరగల్లులు ఉంటాయి. చేతిలో కత్తి, పక్కన గుర్రం చెక్కిన రాళ్లు. చాలా రాళ్ల మీద ఆ వీరుడి పేరు కూడా ఉండదు. అయినా ఎవరో ఒకరు పసుపు కుంకుమ పెడుతూ వచ్చారు కాబట్టే ఆ రాయి ఇంకా వీరుడుగా మిగిలింది. లేకపోతే ఏ గోడలోనో కలిసిపోయేది. అంటే స్మారకం నిలబడాలంటే రాయి ఒక్కటే చాలదు, దాన్ని చూసుకునే మనిషి కూడా ఉండాలి.

ఇప్పుడు ఢిల్లీ వెళ్దాం. అక్కడ తీన్‌మూర్తి అనే స్మారకం ఉంది. ముగ్గురు సైనికుల విగ్రహాలు. అవి మైసూర్, జోధ్‌పూర్, హైదరాబాద్ సంస్థానాల అశ్వికదళాలకు గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ మూడు దళాలూ ఒకే బ్రిగేడ్‌గా పాలస్తీనా దాకా వెళ్లాయి. అప్పట్లో మన నారాయణఖేడ్ నిజాం రాజ్యంలో, బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో మెదక్ జిల్లాలోకి వచ్చింది. అంటే ఆ మూడు విగ్రహాల్లో ఒకటి అప్పటి మన రాజ్యానిదే.

అక్కడి నుంచి ఇండియా గేట్. అది 1931లో ప్రారంభమైంది. 1971 యుద్ధం తర్వాత దాని కమాను కింద అమర్ జవాన్ జ్యోతి పెట్టారు. 1972 జనవరి 26న ఇందిరాగాంధీ ప్రారంభించారు. నల్ల రాతి మీద తలకిందులుగా నిలిపిన తుపాకీ, దాని మీద హెల్మెట్. పక్కన ఆరకుండా వెలిగే మంట. 2022 జనవరి 21న ఆ మంటను తీసుకెళ్లి దగ్గర్లోనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకం జ్యోతిలో కలిపారు. లెక్క వేస్తే యాభై ఏళ్లకు ఐదు రోజులు తక్కువ! అన్నేళ్లూ ఎండలో, చలిలో, పొగమంచులో త్రివిధ దళాల జవాన్లు వంతులవారీగా దాని పక్కన కాపలా ఉన్నారు.

రిపబ్లిక్ డే రోజు టీవీలో జాగ్రత్తగా చూడండి. ముందు ‘సలామీ శస్త్ర్’ అని ఆర్డర్ వస్తుంది, తుపాకులు నిటారుగా లేస్తాయి. తర్వాత ‘శోక్ శస్త్ర్’. తుపాకీ గొట్టం నేలవైపు తిరుగుతుంది, తల వంగుతుంది. బ్యూగిల్ మోగుతుంది. రెండు నిమిషాల మౌనం. మనం చూసేది ఆ రెండు నిమిషాలే. దాని వెనుక ఎంత ప్రాక్టీసు ఉంటుందో కెమెరాకు కనిపించదు.

2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ కొత్త స్మారకంలో, త్యాగ చక్రం గోడల మీద ఒక్కొక్కరి పేరూ చెక్కి ఉంటుంది. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు పేరు కూడా అక్కడుంది. మరి ఆ పేర్లకు కాపలా నిలబడ్డవాళ్ల పేర్లు? అవి ఏ గోడ మీదా ఉండవు. ఉండాలని వాళ్లు అడగరు కూడా.

అమెరికాలో ఆర్లింగ్టన్ అనే చోట పేరు తెలియని సైనికుడి సమాధి ఉంది. 1937 నుంచి అక్కడ ఇరవై నాలుగు గంటలూ సైనిక కాపలా నడుస్తోంది. కాపలా జవాను 21 అడుగులు నడుస్తాడు, 21 సెకన్లు ఆగుతాడు, మళ్లీ 21 అడుగులు. పరీక్షలన్నీ దాటినవాడికి ఒక బ్యాడ్జ్ ఇస్తారు. సైన్యం వదిలేశాక కూడా దానికి మచ్చ తెచ్చే పని చేస్తే ఆ బ్యాడ్జ్ వెనక్కి తీసుకోవచ్చు. అంటే ఆ డ్యూటీ మర్యాద జీవితాంతం వెంట ఉంటుందన్నమాట.

మన దగ్గర ఏం జరుగుతుంది? జవాను చాలాసార్లు నలభై ఏళ్లు కూడా నిండకుండానే రిటైర్ అయి ఊరికి వస్తాడు. పిల్లల చదువులు, ఇంటి ఖర్చులు. చాలామంది మళ్లీ సెక్యూరిటీ ఉద్యోగంలో చేరతారు. బ్యాంకు దగ్గర, ఏటీఎం దగ్గర, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర. నిన్నటిదాకా దేశ ప్రధాని వచ్చి తల వంచే చోట నిలబడ్డ మనిషినే, ఇవాళ మనం ‘ఏయ్ వాచ్‌మన్’ అని పిలుస్తుండొచ్చు. మనకు తెలియదు, ఎందుకంటే మనం అడగలేదు.

కాబట్టి ఈ సంక్రాంతికి ఒక పని చేయండి. మీ వాడలో మిలిటరీ తాత ఒకరు ఉండే ఉంటారు. సకినాలు తీసుకుని ఇంటికి వెళ్లండి. ‘తాతా, మీరు ఏ రెజిమెంట్ల పనిచేసిండ్రు? ఎక్కడెక్కడ డ్యూటీ పడ్డది? ఎప్పుడన్న స్మారకం కాడ నిలబడ్డరా?’ అని అడగండి. ఎంతమందిని చంపారని మాత్రం అడగకండి. ఆయన ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డ్ చేయండి, రెజిమెంట్ పేరు, సంవత్సరాలు రాసి పెట్టుకోండి. స్టేటస్‌లో పెట్టే ముందు ఇంకోసారి అడగండి.

చనిపోయినవాళ్ల కోసం ఆయన కదలకుండా నిలబడ్డారు. బతికున్న ఆయన కోసం మనం పది నిమిషాలు కూర్చోలేమా?

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను.