అడవి ‘బోడ’ గుర్తింపునకు హెర్బేరియం నమూనాలే ఆధారం

తొలకరి జల్లులు పడగానే సాల (గుగ్గిలం) అడవుల్లో రాలిన ఆకుల కింద, మట్టి పైపొరలో గోళీల్లాంటి శిలీంధ్రాలు పెరుగుతాయి. బస్తర్‌లో వీటిని ‘బోడ’ అని, ఝార్ఖండ్‌లో ‘రుగ్‌డా’ అని పిలుస్తారు. ఆదివాసీ కుటుంబాలు వీటిని తవ్వి తీసి సంతల్లో విక్రయిస్తాయి. చూపునకు ట్రఫుల్‌ను పోలినా ఇవి ఆస్ట్రియస్ ప్రజాతికి చెందినవి. అసలైన ట్రఫుల్స్ ట్యూబర్ ప్రజాతికి చెందుతాయి.

ఒకే పేరు, పలు జాతులు

ఈ ప్రజాతిలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే జాతి ఆస్ట్రియస్ హైగ్రోమెట్రికస్. ముదిరినప్పుడు దీని పైతొక్క నక్షత్రంలా చీలి, తేమ తగిలితే విచ్చుకుంటుంది, ఎండితే ముడుచుకుంటుంది. దశాబ్దాల పాటు ఆసియా నమూనాలకూ ఇదే పేరు వాడారు. థాయ్‌లాండ్ నమూనాల ఆధారంగా 2004లో ఆస్ట్రియస్ ఓడొరాటస్‌ను, 2007లో ఆస్ట్రియస్ ఆసియాటికస్‌ను కొత్త జాతులుగా వర్ణించారు. అందువల్ల పాత పేరుతో భద్రపరచిన ఆసియా నమూనాలను తిరిగి పరిశీలించాల్సి ఉంటుంది.

రికార్డులో ఏముంటుంది?

సేకరించిన శిలీంధ్రాన్ని ఎండబెట్టి, కవరులో ఉంచి, సంఖ్య కేటాయిస్తారు. సేకరణ తేదీ, స్థలం, సేకర్త పేరు, సమీపంలోని చెట్టు, తాజాగా ఉన్నప్పటి రంగు, వాసన వివరాలను చీటీపై రాస్తారు. ఎండితే రంగు, వాసన మారిపోతాయి కనుక ఈ వివరాలు కీలకం. చెట్టు పేరూ అంతే ముఖ్యం. ఈ శిలీంధ్రం చెట్ల వేళ్లతో సహజీవనం చేస్తూ వాటికి ఖనిజ లవణాలు అందించి, బదులుగా చక్కెరలు పొందుతుంది. ఎండిన నమూనాల్లోని సిద్ధబీజాలను సూక్ష్మదర్శినితో పరిశీలించవచ్చు. డీఎన్‌ఏ చెడకుండా ఉంటే దానినీ విశ్లేషించవచ్చు.

కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ప్రామాణిక నమూనాను నిర్దేశించడం అంతర్జాతీయ నామకరణ నియమావళి ప్రకారం తప్పనిసరి. శిలీంధ్రాల కొత్త పేర్లకు 2013 జనవరి 1 నుంచి నమోదు సంఖ్య కూడా ఉండాలి. దేశంలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ, పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థల్లో శిలీంధ్ర హెర్బేరియంలు ఉన్నాయి.

ఎందుకు ముఖ్యం?

లేత దశలో ఆస్ట్రియస్‌ను పోలి ఉండే స్క్లెరోడెర్మా ప్రజాతిలో విషపూరిత జాతులున్నాయి. సరైన గుర్తింపు ఆహార భద్రతకూ అవసరమే. ఏ జాతి ఏ అడవిలో, ఏ చెట్టు కింద, ఏ నెలలో దొరికిందో తెలిస్తేనే అది తగ్గుతోందో లేదో అంచనా వేయగలరు. సాల వృక్షాలున్న ఉత్తరాంధ్ర కొండలకూ ఇది వర్తిస్తుంది. స్థలం, తేదీ నమోదు చేయని నమూనా ఎంత చక్కగా భద్రపరచినా ఇలాంటి అంచనాకు పనికిరాదు.