దానియేలు మృగాలూ, పాలస్తీనా భూమీ

బైబిలు ప్రవచనాల ప్రస్తావన వస్తే మనలో చాలామందిమి మూఢనమ్మకమని ఒక్కమాట అనేసి పక్కకు తప్పుకుంటాం. అది సులువైన పనేగాని సరైన పని కాదు. ఎందుకంటే ఒకానొక ప్రవచన వ్యాఖ్యానం పశ్చిమాసియాలో ఆక్రమణకు ఆశీర్వచనం పలుకుతోంది. ఆ వ్యాఖ్యానం ఎక్కడ పుట్టింది, ఎవరి అండతో పెరిగింది అన్నది చరిత్ర ప్రశ్న. ఒక గ్రంథాన్ని ఎట్లా చదవాలన్నది సాహిత్య ప్రశ్న. రెండూ మనవే.

దానియేలు గ్రంథం సంగతే చూద్దాం. కథ జరిగేది బబులోను చెరలో, క్రీ.పూ. 6వ శతాబ్దంలో. కాని అది ఇప్పటి రూపానికి వచ్చింది క్రీ.పూ. 167-164 ప్రాంతంలోనని ఆధునిక పండితుల్లో అత్యధికుల అభిప్రాయం. సెల్యూకస్ వంశపు రాజు నాలుగవ అంతియొకస్ యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసి, యూదుల ఆచారాలను నిషేధించిన రోజులవి. సముద్రంలోంచి లేచే నాలుగు మృగాలు నాలుగు సామ్రాజ్యాలు. చివరి మృగానికి మొలిచిన చిన్న కొమ్ము అంతియొకసే. రాజును పేరుపెట్టి అంటే తల దక్కదు. కనుక పాత రాజుల కథ చెబుతూ కొత్త రాజును కొట్టారు. నిర్బంధంలో రాసినవాళ్లకు ఈ పద్ధతి గురించి వేరే చెప్పనక్కరలేదు. ఇది ఆధునికులు కనిపెట్టిన రహస్యమూ కాదు. 3వ శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే తత్వవేత్త ఈ మాట అన్నాడు. 448లో రోమన్ చక్రవర్తులు అతని గ్రంథాలను తగలబెట్టమని ఆజ్ఞాపించారు. దానియేలు మీద అతని వాదన మనదాకా వచ్చిందంటే, దాన్ని ఖండిస్తూ జెరోమ్ రాసిన వ్యాఖ్యానం పుణ్యమే!

ప్రకటన గ్రంథానిదీ ఇదే కోవ. అందులో బబులోను అంటే రోము. 666 అంటే నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి, వాటి విలువలు కూడితే వచ్చే సంఖ్య అని చాలామంది పండితులు చెబుతారు. ఎంగెల్స్ 1883లో ఈ గ్రంథం మీద ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశాడు. ఆయన చేసిన కాలనిర్ణయాన్ని ఇవాళ ఎక్కువమంది ఒప్పుకోరు. వాళ్లు దాన్ని 1వ శతాబ్దం చివరకు జరుపుతారు. కాని దాన్ని చరిత్రలో నిలబెట్టి చదవాలన్న ఆయన పట్టుదల సరైనదే. సాహిత్య విద్యార్థులు 18వ అధ్యాయాన్ని తప్పక చదవాలి. మహానగరం కూలితే ఏడ్చేదెవరు? రాజులు, వర్తకులు, ఓడల వాళ్లు. తమ సరుకు కొనేవాడు లేడని వర్తకుల ఏడుపు. ఆ సరుకుల జాబితా బంగారంతో మొదలై పట్టుబట్టలు, దంతపు సామాను, గోధుమలు, పశువులు, గుర్రాలు, రథాల మీదుగా సాగి మనుషుల దగ్గర ఆగుతుంది. బానిసలు చిట్టచివరి సరుకు. రోమన్ సామ్రాజ్యం దేనిమీద నిలబడిందో చెప్పడానికి ఆ వరుస ఒక్కటి చాలు.

ఇటువంటి గ్రంథం పీడితుల చేతికి వస్తే ఏమవుతుందో 16వ శతాబ్దపు జర్మనీ చూపింది. 1524 జూలై 13న ఆల్‌స్టెట్ కోటలో థామస్ మ్యుంట్సర్ సాక్సనీ పాలకుల ముందే దానియేలు 2వ అధ్యాయం మీద ప్రసంగించాడు. ఇనుమూ మట్టీ కలిసిన పాదాల మీద నిలిచిన విగ్రహాన్ని రాయి పడగొట్టే కథ అది. ప్రభువులు దేవుని పక్షాన కత్తి పట్టకపోతే ఆ కత్తి వాళ్ల చేతిలో ఉండదని వాళ్ల మొహం మీదే చెప్పాడు. మరుసటి ఏడు మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్ వద్ద రైతుసేన ఊచకోతకు గురైంది. మే 27న మ్యుంట్సర్ తల నరికారు.

అదే దానియేలు 19వ శతాబ్దంలో మరొక దారి పట్టాడు. ఐర్లండ్‌లో ఆంగ్లికన్ గురువుగా ఉండి బయటికొచ్చిన జాన్ నెల్సన్ డార్బీ చరిత్రను దేవుడు గీసిన యుగాలుగా విభజించాడు. సంఘం ఎత్తబడుతుంది, మహాశ్రమలు వస్తాయి, యూదులు తమ దేశం చేరతారు, ఆపైన హర్మగెద్దోను. ఇందులో మనిషి చేయగలిగింది ఏమీ లేదు, లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం తప్ప. డార్బీ పనిచేసిన బ్రదరన్ ఉద్యమం మనకేమీ దూరపుది కాదు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో స్థిరపడ్డాయి. అదే ఏడు గ్రోవ్స్ డార్బీ సంకుచిత ధోరణిని విమర్శిస్తూ అతనికి ఉత్తరం రాశాడు. ఉద్యమమంతా ఒకే ముద్ద కాదన్నమాట.

ఈ సిద్ధాంతానికి పెట్టుబడి అండ దొరికింది అమెరికాలో. పాలస్తీనాను యూదులకు ఇప్పించాలంటూ 1891లో బ్లాక్‌స్టోన్ అనే ప్రచారకుడు అధ్యక్షుడు హారిసన్‌కు ఇచ్చిన విజ్ఞాపన మీద 400 మందికి పైగా ప్రముఖులు సంతకాలు చేశారు. వారిలో రాక్‌ఫెల్లర్, మోర్గాన్ ఉన్నారు! అక్కడ అప్పటికే బతుకుతున్న అరబ్బుల సంతకం ఎవరూ అడగలేదు. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు డార్బీ లెక్కలను వాక్యాల కిందే అచ్చువేసింది. చదివేవాడికి గ్రంథమేదో, వ్యాఖ్యమేదో తేడా తెలియకుండా పోయింది. 1917 నవంబరు 2 నాటి బాల్ఫర్ ప్రకటన వెనుక బ్రిటిషు యుద్ధావసరాలు ఉన్నాయి, సూయజ్ కాలువ ఉంది. ప్రవచనం ఆ అవసరాలను సృష్టించలేదు, వాటికి పవిత్రత తొడిగింది. 1948లో 7 లక్షల మందికి పైగా పాలస్తీనియన్లు నిర్వాసితులైతే, ఈ వ్యాఖ్యాతలకు అది నెరవేరిన ప్రవచనంగానే కనిపించింది.

1970లో హాల్ లిండ్సే రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. యెహెజ్కేలులోని గోగు సోవియట్ రష్యా అన్నాడు. హెబ్రీలో ‘రోష్’ అంటే తల, ముఖ్యుడు అని అర్థం. దాన్ని రష్యాగా, మెషెకును మాస్కోగా చదవడం ఈ సంప్రదాయంలో మామూలే. 1948 నుంచి 40 ఏళ్లు లెక్కకట్టారు. 1988 వచ్చింది, పోయింది. 1991లో సోవియట్ యూనియనే పోయింది. వెంటనే ఇరాక్ బబులోను అయింది, తరువాత ఇరాన్ ముందుకొచ్చింది. శత్రువును ఎంపిక చేసేది వాషింగ్టన్. వచనం వెతికేది ప్రసంగవేదిక.

ఈ ‘ఇశ్రాయేలు ప్రేమ’ లోగుట్టు కూడా చెప్పుకోవాలి. ఈ పథకంలో అంత్యదినాల్లో యూదుల్లో అధిక భాగం నశిస్తారు, మిగిలినవారు క్రీస్తును ఒప్పుకుంటారు. యూదుడు ఇందులో మనిషి కాదు, ఒక పాత్ర.

2006లో జాన్ హేగీ అమెరికాలో ఇశ్రాయేలు సమర్థక క్రైస్తవ సంస్థను స్థాపించాడు. అదే ఏడు ఆగస్టులో యెరూషలేములోని లాటిన్, సిరియన్ ఆర్థడాక్స్, ఆంగ్లికన్, లూథరన్ సంఘాల పెద్దలు క్రైస్తవ జియోనిజాన్ని తప్పుడు బోధగా తిరస్కరిస్తూ ఉమ్మడి ప్రకటన చేశారు. క్రైస్తవం ఈ విషయంలో ఒక్కటి కాదు. 2018 మే 14న యెరూషలేములో అమెరికా రాయబార కార్యాలయం ప్రారంభమైనప్పుడు హేగీ ప్రార్థన చేశాడు. ఆ రోజే గాజా కంచె దగ్గర సుమారు 60 మంది పాలస్తీనియన్లను ఇశ్రాయేలు సైన్యం కాల్చి చంపింది.

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. ఆ తరువాత గాజాలో చచ్చిపోయినవారు పదుల వేలు. అక్టోబరు 19న గాజాలోని పురాతన సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణ మీద బాంబు పడింది. అక్కడ తలదాచుకున్న క్రైస్తవులు చనిపోయారు. ఆ పోర్ఫిరియస్ గాజా బిషప్పు, మనం పైన చెప్పుకున్న తత్వవేత్త కాడు. ఆ డిసెంబరులో బేత్లెహేములో లూథరన్ సంఘం క్రిస్మస్ వేడుకలు మానేసి, చర్చిలో శిథిలాల కుప్ప పేర్చి దాని మధ్య పసిబాలుణ్ణి పడుకోబెట్టింది.